ఏడీహెచ్‌డీతో ఇల్లూ ఆఫీసూ: గుర్తుపెట్టుకోకుండా నడిపే పద్ధతి

కరెంటు బిల్లు మెసేజ్ పొద్దున పదకొండింటికి, మీటింగ్‌లో ఉండగా వస్తుంది. చూస్తారు. మధ్యాహ్నం కడదాంలే అనుకుంటారు. ఖాతాలో డబ్బుంది, ఫోన్లో రెండు నిమిషాల పని. ఆ బిల్లు మళ్లీ గుర్తొచ్చేది లైన్‌మ్యాన్ వచ్చి గేటు కొట్టినప్పుడు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, అనుకున్న వేళకు పని చేయడం కష్టమయ్యే మెదడు తీరు) ఉన్న పెద్దవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఇదే తంతు. పని తెలియక కాదు, చేయాలని లేకా కాదు. చేయగలిగే వేళకు ఆ పని ధ్యాసలో ఉండదు. ధ్యాసలోకి వచ్చిన వేళకు చేసే వీలుండదు.

అందుకే "ఇకనుంచి గుర్తుపెట్టుకుంటా" అన్న మాట మీద కట్టిన ఏ ఏర్పాటూ నిలవదు. డైరీ కొన్నా, యాప్ వేసుకున్నా అంతే. ఆ డైరీ తెరవాలన్న సంగతీ గుర్తుండాలి కదా. గుర్తుచేసే వస్తువు పని జరిగే చోటే, పని జరిగే వేళకే కంటికి అడ్డం పడాలి. కింద చెప్పేవన్నీ దీని మీద ఆధారపడినవే. ఒకటి మొదలుపెట్టి, అది రెండు వారాలు నడిచాకే రెండోదానికి వెళ్లండి. అన్నీ ఈ ఆదివారమే పెట్టేయాలని ఉబలాటం పుడుతుంది. ఆ ఉబలాటం కూడా ఏడీహెచ్‌డీ లక్షణమే.

గుమ్మం దగ్గర మొదలుపెట్టండి

తాళాలు, పర్సు, ఐడీ కార్డు, ఇయర్‌ఫోన్లు పోయేది ఎక్కువగా ఇంట్లోనే. లోపలికి వచ్చేటప్పుడు ఒక చేతిలో కూరగాయల సంచి ఉంటుంది, జేబులో ఫోన్ మోగుతుంటుంది. తాళాలు ఫ్రిజ్ మీదకో వాషింగ్ మెషిన్ మీదకో చేరతాయి. కాబట్టి వాటికి చోటు దారిలోనే ఉండాలి. తలుపు తీసి లోపల అడుగుపెట్టగానే చెయ్యి చాపితే అందే దూరంలో, రెండడుగుల లోపు, ఒక స్టూలు మీద స్టీలు గిన్నె పెట్టండి. దానికి మూత వద్దు. షూ ర్యాక్ సొరుగూ వద్దు. మూసి ఉన్నదాన్ని ఏడీహెచ్‌డీ మెదడు లేనట్టే లెక్కేస్తుంది. ప్లాస్టిక్ డబ్బా కాకుండా స్టీలు గిన్నే ఎందుకంటే, తాళాలు పడ్డప్పుడు ఖంగుమంటుంది. నాలుగు రోజులయ్యేసరికి ఆ చప్పుడు వినబడకపోతే ఏదో తేడాగా అనిపిస్తుంది.

గిన్నె పైన గోడకు మూడు కొక్కేలు కొట్టండి. ఒకటి ఐడీ కార్డుకు, ఒకటి బ్యాగుకు. మూడోదాన్ని మామూలు రోజుల్లో ఖాళీగా ఉంచండి. రేపు పట్టుకెళ్లాల్సిన కొరియర్ కవరు, షాపులో మార్చాల్సిన చొక్కా, ఇస్త్రీకి ఇవ్వాల్సిన సంచి దానికి తగిలించండి. అంటించే కొక్కేలు సున్నం గోడకు ఎక్కువ రోజులు ఆగవు. అద్దె ఇల్లయితే ద్వారబంధం చెక్కకు చిన్న మేకు కొట్టుకోవచ్చు, ఇంటివాళ్లు అంతగా పట్టించుకోరు. ఫ్రిజ్‌లో పెట్టిన లంచ్ బాక్సు మర్చిపోతుంటే రాత్రే బండి తాళం ఆ బాక్సు మీద పెట్టేయండి. తాళం లేనిదే బండి కదలదు.

ఈ ఏర్పాటు చెడేది ఒకే కారణంతో. గిన్నెలో చిల్లర, ఏటీఎం స్లిప్పులు, జలుబు బిళ్లలు, పాత చార్జర్ చేరతాయి. గిన్నె నిండితే తాళాలు కనబడవు, పక్కన పెట్టడం మొదలవుతుంది, వారంలో మళ్లీ ఫ్రిజ్ మీదకే చేరతాయి. ఆదివారం టిఫిన్ అయ్యాక గిన్నెను టేబుల్ మీద బోర్లించి, తాళాలు, పర్సు, ఇయర్‌ఫోన్లు తప్ప మిగతావి తీసేయండి. ఒక తాళం పక్క ఫ్లాట్ ఆంటీ దగ్గర ఉంచండి.

టైమ్ లెక్క

పావుగంటకూ ముప్పావుగంటకూ తేడా లోపల తెలియకపోవడాన్ని టైమ్ బ్లైండ్‌నెస్ అంటారు. "అయిదు నిమిషాల్లో వచ్చేస్తా" అన్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టు కాదు, ఆ మనిషికి నిజంగానే అలా అనిపిస్తుంది. విరుగుడు కొలవడమే. అయిదు రోజులపాటు స్నానం, టిఫిన్, తయారవడం, లిఫ్టు దిగి బండి తీయడం, ఈ నాలుగింటికీ ముందు ఎంత అనుకున్నారో, తర్వాత ఎంత పట్టిందో ఒక కాగితం మీద రాయండి. పది నిమిషాలనుకున్న స్నానం ఇరవై తేలితే కంగారుపడొద్దు, ఇకమీదట ఇరవైతోనే లెక్క వేయండి.

బయల్దేరే వేళను చివరి నుంచి వెనక్కి లెక్కించాలి. కూకట్‌పల్లిలో ఇల్లు, హైటెక్ సిటీలో తొమ్మిదిన్నరకు మీటింగ్ అనుకుందాం. మ్యాప్ ముప్పై నిమిషాలు చూపిస్తుంది. అది బండి రోడ్డెక్కాక లెక్క. బూట్లు, తాళం, లిఫ్టు, హెల్మెట్‌కి ఎనిమిది. అక్కడ పార్కింగ్‌కు ఏడు. సెక్యూరిటీ దగ్గర కార్డు, మళ్లీ లిఫ్టు, సీటుకు చేరడానికి ఆరు. మొత్తం యాభై ఒకటి. అంటే 8:39. కాస్త మిగులు ఉంచుకుని ఎనిమిదిన్నరకల్లా ఇంటి తలుపు వేసేయాలి. మ్యాప్‌ను నమ్ముకుని తొమ్మిదికి బయల్దేరినవాళ్లు రోజూ ట్రాఫిక్‌ని తిడుతుంటారు. పోయింది ఇరవై ఒక్క నిమిషాలు, అవి రోడ్డు మీద పోయినవి కావు.

దీనికి రెండు అలారాలు పెట్టండి. 8:15కి మోగేదాని పేరు "స్క్రీన్ మూసెయ్", 8:25కి మోగేదాని పేరు "బూట్లు". అలారానికి "ఆఫీస్" అని పేరు పెడితే ఏం చేయాలో చెప్పినట్టు కాదు. చేతితో చేసే పని పేరు పెట్టాలి. రోజుకు అయిదారు అలారాలు దాటితే చెవి వినడం మానేస్తుంది, వేలు దానంతట అదే ఆపేస్తుంది. పదిహేను రోజులకోసారి ట్యూన్ మార్చండి. స్నూజ్ నొక్కడం పూర్తిగా మానేయండి. ఇప్పుడు కుదరకపోతే ఏ వేళకు కుదురుతుందో ఆ వేళకు అలారాన్ని జరపండి. బాత్రూంలో, వంటింట్లో ముళ్లు తిరిగే గోడ గడియారం పెట్టండి. ఫోన్లో టైమ్ చూడబోతే వాట్సాప్ కనబడుతుంది.

ఆఫీసు పని: మొదలుపెట్టడం, వదిలిన చోటికి రావడం

లిస్టులో "క్వార్టర్లీ రిపోర్ట్" అని రాసుకుంటే ఆ పని మొదలవదు. అది పని కాదు, ఇరవై పనుల మూట. చేయి కదిలే మొదటి కదలిక రాయండి: "పోయిన క్వార్టర్ ఎక్సెల్ తెరిచి కొత్త పేరుతో సేవ్ చెయ్యి." ఇది రెండు నిమిషాల్లో అయిపోవాలి. అవకపోతే ఇంకా పెద్దగా ఉన్నట్టు, మళ్లీ విరగ్గొట్టండి. ఆ రోజు పనులు ఒక చీటీ మీద మూడే రాసి కీబోర్డుకూ స్క్రీనుకూ మధ్య పెట్టండి. నాలుగోది రాస్తే మూడూ మిగిలిపోతాయి.

అయినా చేయి కదలకపోతే పక్కన మనిషి కావాలి. బాడీ డబ్లింగ్ అని కొత్త పేరు వచ్చింది గానీ, ఇంటర్‌లో కంబైన్డ్ స్టడీ చేసినవాళ్లకు తెలిసినదే. ఫ్రెండ్‌తో వీడియో కాల్ పెట్టి, ఇద్దరూ ఏం చేయబోతున్నారో ఒక్కో వాక్యం చెప్పుకుని, మైకులు ఆపేసి యాభై నిమిషాలు ఎవరి పని వాళ్లు చేయడం, చివర్లో ఎంత అయిందో చెప్పుకోవడం. మధ్యలో కబుర్లు లేవు. ఇంట్లో చిక్కుళ్లు గిల్లుతూ కూర్చున్న అమ్మ ఎదురుగా లాప్‌టాప్ పెట్టుకున్నా పనవుతుంది. ఆమె పర్యవేక్షణ అక్కర్లేదు, ఆమె ఎదురుగా ఉంటే చాలు.

ఇరవై అయిదు నిమిషాల పని, అయిదు నిమిషాల విరామం అనే పొమొడోరో పద్ధతిని 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో పెట్టాడు. బోరు కొట్టే పనిలోకి దిగడానికి అది బాగుంటుంది. కోడింగ్ లాంటి పనిలో మునిగి ఉన్నప్పుడు మాత్రం గంట కొట్టి బయటికి లాగడం నష్టమే. మొదలుపెట్టడానికి టైమర్ వాడండి, ఊపు వచ్చాక తీసేయండి. గంటల తరబడి మునిగిపోయి భోజనం మర్చిపోయేవాళ్లను అలారం లేపలేదు, మనిషే లేపాలి. "ఒంటిగంటకు నా సీటు దగ్గరకొచ్చి లేపు, తర్వాత వస్తానంటే వినకు" అని లంచ్‌కి వెళ్లే తోటివాడితో చెప్పి పెట్టుకోండి.

అసలు ఎక్కువ టైమ్ పోయేది అంతరాయం తర్వాత. ఫోన్ మోగింది, పదిహేను నిమిషాలు మాట్లాడారు, తిరిగొచ్చాక స్క్రీన్ ముందు కూర్చుని "ఏం చేస్తున్నా?" అని వెతుక్కుంటూ వేరే ట్యాబ్‌లోకి జారిపోయారు. కాల్ ఎత్తేముందు, కుర్చీలోంచి లేచేముందు ఒక వరుస రాయండి: "42వ వరుస దాకా సరిచూశా, ఇక సెప్టెంబర్ జీఎస్టీ కలపాలి." మొదటి సగం ఎక్కడ ఆగారో చెబుతుంది, రెండో సగం తర్వాతి కదలికను. రెండో సగం లేకుండా రాస్తే పెద్దగా ఉపయోగం లేదు. మోగుతున్న ఫోన్ ఇంకో నాలుగు సెకన్లు మోగితే కొంప మునగదు.

టీ దగ్గర మేనేజర్ నోటితో చెప్పిన పనులు సీటుకు చేరేసరికి మూడింట్లో ఒకటే మిగులుతుంది. పది నిమిషాల్లోపు మెసేజ్ పెట్టండి: "సార్, మీరు చెప్పినవి మూడు: క్లయింట్‌కి ఇన్వాయిస్ ఇవాళ, టెస్ట్ రిపోర్ట్ గురువారం, ట్రైనింగ్ లిస్ట్ వచ్చేవారం. ఏదైనా వదిలేస్తే చెప్పండి." అవతలివాళ్లకు ఇది మతిమరుపులా కనబడదు, పద్ధతిగా కనబడుతుంది. గడువు దూరంగా ఉన్న పనిలో మధ్యలో ఒక మెట్టు మీరే అడిగి పెట్టించుకోండి: "బుధవారం సగం డ్రాఫ్ట్ చూపిస్తాను, ఒకసారి చూస్తారా మేడమ్?" మీకు మీరే పెట్టుకున్న గడువును మెదడు లెక్కచేయదు. ఇంకో మనిషి ఎదురుచూస్తుంటే చేస్తుంది.

ఏడీహెచ్‌డీతో పాటు ఆటిజం కూడా ఉన్నవాళ్లకు చప్పుడు, లైటు కూడా పనిని తినేస్తాయి. వీపు గోడకు ఉండే సీటు, ప్యాంట్రీకీ ప్రింటర్‌కీ దూరంగా అడగండి. కారణంగా "ఫోకస్ కుదురుతుంది" అంటే సరిపోతుంది.

డబ్బు

జీతం పడే ఖాతా, ఖర్చు పెట్టే ఖాతా వేరుగా ఉంచండి. బిల్లులన్నీ జీతం ఖాతా నుంచే పోవాలి. యూపీఐ యాప్ రెండో ఖాతాకే ముడిపెట్టాలి. జీతం ఒకటో తేదీన పడితే అయిదో తేదీకి ఆటోపే (బిల్లు డబ్బు ఖాతా నుంచి దానంతట అదే పోయే ఏర్పాటు) పెట్టండి. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్, బీమా, సిప్ అన్నీ అందులోకి. అద్దెకు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, అంటే నెలనెలా ఫలానా తేదీకి పంపమని ముందే ఇచ్చే ఆదేశం. మామూలు ఆటోపేకి ఓటీపీ లేకుండా పోయే పరిమితి ₹15,000. మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లులకు దాన్ని 2023 డిసెంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ లక్ష రూపాయలకు పెంచింది. డబ్బు తెగడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది.

క్రెడిట్ కార్డు ఆటోపేలో "మినిమమ్ డ్యూ" అని ఉంటే దాన్ని "టోటల్ డ్యూ"కి మార్చాలి. మార్చకపోతే బిల్లు కడుతున్నామనే అనుకుంటారు, మిగిలినదాని మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది. ఎప్పుడైనా గడువు దాటినా, గుర్తొచ్చిన క్షణమే కట్టేయండి. మూడు రోజులు దాటితేనే లేట్ ఫీజు వేయాలి, క్రెడిట్ బ్యూరోకు (అప్పుల చరిత్ర రాసి ఉంచే సంస్థకు) చెప్పాలి అని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. "ఎలాగూ లేటయింది" అని వదిలేయడంలోనే అసలు నష్టం.

ఆటోపే వల్ల వచ్చే తంటా ఒకటుంది. చూడని ఓటీటీలు, వెళ్లని జిమ్‌లు డబ్బు లాగుతూనే ఉంటాయి. మూడు నెలలకోసారి యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి పనికిరానివి ఆపేయండి. రాత్రి పదకొండు తర్వాత కొనే వస్తువుల సంగతికొస్తే, షాపింగ్ యాప్‌లలో కార్డు నంబరు తీసేయండి. లేచి వెళ్లి పర్సు తెచ్చుకునేలోపు సగం కొనుగోళ్లు ఆగిపోతాయి. ఇన్‌కమ్ ట్యాక్స్‌కి గడువు తేదీ గుర్తుపెట్టుకోవద్దు. ఫారం 16 మెయిల్ వచ్చిన రోజే, చదవకపోయినా, ఆడిటర్‌కి ఫార్వర్డ్ చేసేయండి.

వంటిల్లు

పాలు పొంగించనివాళ్లు ఎవరూ ఉండరు గానీ, వారానికి మూడుసార్లు అయితే మిల్క్ కుక్కర్ కొనుక్కోవాల్సిందే. రెండు గోడల మధ్య నీళ్లు పోసి పెడితే పాలు పొంగవు, విజిల్ వేస్తుంది. నీళ్లు పోయడం మర్చిపోతే మాత్రం అడుగు మాడి గిన్నె పాడవుతుంది, కాబట్టి కడగగానే బోర్లించకుండా, నీళ్లు పోసి పెట్టండి. అన్నానికి ఎలక్ట్రిక్ కుక్కర్ మేలు, ఉడికాక దానంతట అదే ఆగుతుంది. స్టవ్ మీద ఏదైనా ఉండగా వంటింట్లోంచి బయటికి రావాల్సి వస్తే గరిట చేత్తో పట్టుకునే రండి. సోఫాలో కూర్చుని ఫోన్ తీశాక చేతిలో గరిట కనబడితే స్టవ్ గుర్తొస్తుంది. పోపు మీద ఉండగా మాత్రం కాలింగ్ బెల్ మోగినా స్టవ్ ఆపే వెళ్లాలి.

ఫ్రిజ్‌లో కింద ట్రే కూరగాయల సమాధి. తోటకూర, టమాటాలు కంటి ఎత్తున ఉన్న అరలో పెట్టి, పచ్చళ్లూ సాస్‌లూ ట్రేలోకి తోసేయండి. పచ్చడి నెలల తరబడి కనబడకపోయినా పాడవదు. రెండో సిలిండర్ బిగించిన చేత్తోనే గ్యాస్ బుక్ చేయాలి. వాషింగ్ మెషిన్ వేస్తే ఆ గంటన్నర ఇంట్లోనే ఉండే వేళ చూసుకుని వేయండి, బట్టలు ఆరేయడం గుర్తొచ్చేలా ఖాళీ బకెట్‌ని పడగ్గది తలుపుకు అడ్డంగా పెట్టండి. ఏమీ వండలేని రాత్రికి కందిపొడి, నెయ్యి, అన్నం, ఒక ఉడికించిన గుడ్డు. దీన్ని ఓటమిగా లెక్కేయకండి, స్విగ్గీ ఖర్చు మిగిలింది.

డాక్టరు, మందులు

మందు రాయగలిగేది సైకియాట్రిస్టు. పరీక్షలు పెట్టి అంచనా ఇచ్చేది క్లినికల్ సైకాలజిస్టు. పెద్దవాళ్లలో ఏడీహెచ్‌డీని పసిగట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏఎస్‌ఆర్‌ఎస్ ప్రశ్నావళిలో 18 ప్రశ్నలుంటాయి, మొదటి ఆరే ముఖ్యం. అది జల్లెడ మాత్రమే, అందులో మార్కులు వస్తే జబ్బు తేలినట్టు కాదు. లక్షణాలు పన్నెండేళ్ల లోపే ఉన్నాయా అని డాక్టరు తప్పక అడుగుతారు. కాబట్టి పాత ప్రోగ్రెస్ కార్డులు వెతికి పట్టుకెళ్లండి. "తెలివైనవాడే గానీ శ్రద్ధ లేదు" అని టీచర్ రాసిన ఒక్క లైను చాలా పనికొస్తుంది. మీకు గుర్తులేనివి అమ్మకో అక్కకో గుర్తుంటాయి, వాళ్లను వెంట తీసుకెళ్లండి. థైరాయిడ్, రక్తహీనత, నిద్రలో గురక పెట్టి ఊపిరాగడం, డిప్రెషన్ కూడా ఇలాగే కనబడతాయి, ముందు వాటిని చూపించుకోవాలి. ప్రైవేటుకు వెళ్లలేనివాళ్లకు హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే దారి చెబుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఏడీహెచ్‌డీకి రాసే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది. చీటీ రెండు ప్రతులు కావాలి, షాపువాళ్లు ఒకటి ఉంచుకుంటారు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం దీన్ని ఆన్‌లైన్ కన్సల్టేషన్‌లో రాయకూడదు. అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, పెద్ద ఆసుపత్రుల ఫార్మసీకి ఫోన్ చేసి అడిగి వెళ్లండి. ఎక్కువమందికి మందు ఆగిపోయేది ఇక్కడే: బిళ్లలు అయిపోయిన రోజున డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం చూస్తారు. పది బిళ్లలు మిగిలినప్పుడే ఫోన్ చేయాలి. పదో బిళ్ల దగ్గర స్ట్రిప్‌కు ఎర్ర స్కెచ్‌తో గీత పెట్టుకోండి. మామూలు రకం మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది, మెల్లగా విడుదలయ్యే రకం ఎనిమిది నుంచి పన్నెండు. ఆకలి చచ్చిపోతుంది కాబట్టి టిఫిన్ తిన్నాకే వేసుకోండి. మధ్యాహ్నం దాటాక వేసుకుంటే నిద్ర పట్టకపోవచ్చు. మొదటి వారాల్లో గుండె దడ వస్తే కాఫీ తగ్గించి, బీపీ, పల్స్ రాసుకుని డాక్టరుకు చూపించండి. ఏడీహెచ్‌డీకే వాడే ఇంకో మందు అటామోక్సెటిన్ వేరే జాతి, షెడ్యూల్ ఎక్స్ కాదు. పని కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, పది రోజులకే "పనిచేయట్లేదు" అని మానేయొద్దు. దుబాయ్ వైపు వెళ్లేవాళ్లు మిథైల్‌ఫెనిడేట్ పట్టుకెళ్లేముందు అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.

ఆఫీసులో చెప్పాలా

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ విడిగా లేదు. కాబట్టి ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్నవాళ్లు చట్టం పేరుతో అడగడం కన్నా పని పేరుతో అడగడమే నడుస్తుంది. ఆ చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి, హెచ్‌ఆర్‌ని అడిగి ముందు అది చదవండి. ఆ తర్వాత జబ్బు పేరు ఎత్తకుండానే కావాల్సింది అడగొచ్చు: రాతపూర్వకంగా పనులు చెప్పడం, పొద్దున రెండు గంటలు మీటింగ్‌లు లేకపోవడం, గోడ పక్క సీటు. జబ్బు పేరు ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోలేరు. అడిగినవి దొరుకుతుంటే చెప్పనక్కర్లేదని మా ఉద్దేశం.

ఇంట్లో మాత్రం చెప్పాలి. చెప్పకపోతే బద్ధకం అనే పేరు ఖాయం. అయితే భార్యో భర్తో అలారంలా మారిపోకూడదు. "గుర్తుచెయ్యి" అని అడిగితే నెలలో అది సతాయింపు అవుతుంది. "తాళాలు ఎక్కడైనా కనబడితే ఏమీ అనకుండా గిన్నెలో వేసెయ్" అని అడగండి.

తెగిపోయినప్పుడు

సంక్రాంతికి ఊరెళ్లొస్తారు, లేదా వారం జ్వరం. తిరిగొచ్చేసరికి గిన్నె నిండా చెత్త, అలారాలు ఆపేసి ఉంటాయి, చీటీ మీద పాత తేదీ. కొత్త యాప్ వెతకడం మొదలుపెట్టొద్దు. ముందు గిన్నె బోర్లించండి. రెండోరోజు రెండు అలారాలు. మూడోరోజు చీటీ, మూడు పనులు. మిగిలిపోయిన పాత పనుల జాబితా శనివారం దాకా తెరవొద్దు. అందులో సగం ఎవరో ఒకరు చేసేసి ఉంటారు, లేదా ఇక ఎవరికీ అక్కర్లేదు. మిగతావాటిలో ముందు చూడాల్సింది ఆటోపేకి ఎక్కని బిల్లులు.